చీపురు పట్టిన ప్రభుత్వము

ఇంగ్లండులో ఒంటరి వృద్ధురాలి యింట పొయ్యి రాజేసి, గచ్చు కడిగి, అంగడి కేగి రొట్టె తెచ్చిపెట్టు స్త్రీని స్థానిక ప్రభుత్వము జీతమిచ్చి పంపుట యెనుబదేండ్ల నాటి మాట. అంతకుముందు, పేదల చట్టము నడచిన కాలమంతయు, దిక్కులేని ముసలివారిని, పేదలను చేర్చుకొని పని చేయించు వర్క్‌హౌసు భయము వెన్నాడుచునే యుండెను. 1918 నాటి చట్టమొకటి గృహసహాయికలకు చోటిచ్చినను ఆ సాయము బాలింతల కుద్దేశింపబడినది. 1944 డిసెంబరులో గాని యది ముదుసళ్ళ గడప త్రొక్కలేదు.

1946 నాటి జాతీయారోగ్యసేవా చట్టము తన 29వ విభాగమున ఈ యేర్పాటును స్థిరపఱచెను గాని, అందు "ఈయవచ్చును" అని యుండెనే తప్ప "ఈయవలయును" అని లేదు. ఈ రెండు క్రియల యంతరమును వ్యాకరణము చదివినవారికంటె ముదుసళ్ళే బాగుగ నెఱిగిరి. ఏలయన, ఆర్గనైజరను నుద్యోగిని యింటికి వచ్చి, మెట్లెక్కగలరా, బొగ్గుల బొక్కెన మోయగలరా, చేరువలో కూతురెవరైన గలదా యని యరసి, వారమునకిన్ని గంటలని వ్రాసికొని పోవుచుండెను. కూతురు గలదన్నచో గంటలు తఱుగుట వింత గాదు. ఈ లెక్క మన యిండ్లలోను క్రొత్తది గాదు. 1968 నాటి చట్టముచే నీ సాయము విధియై, 1971లో అమలునకు వచ్చెను.

విధియైనంత మాత్రమున ధనము పెరుగునా? 1994 సెప్టెంబరులో గ్లాస్టర్‌షైర్ కౌంటీ, ఎనుబదికి చేరువైన యొక వృద్ధునకు, గుండెపోట్లచే క్రుంగి చూపు మందగించి ఊతబండితో నడచువానికి, ప్రభుత్వ నిధులు తగ్గినవని జెప్పి యిల్లు శుభ్రపఱచుటను, బట్టలుతుకుటను మానివేసెను. వ్యాజ్యము నాటి అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభదాక పోయినది. 1970 నాటి వికలాంగుల చట్టము క్రింద అవసరమును నిర్ణయించునపుడు బొక్కసమును గూడ చూడవచ్చునని 1997 మార్చిలో న్యాయమూర్తులు మువ్వురు పలుకగా, ఇరువురు కాదనిరి. సంచి బరువును బట్టి ఆకలిని కొలువరాదను ఆ యిరువురి పక్షమే నాకు న్యాయముగ దోచుచున్నది.

2003లో అవసరములను తీవ్రతను బట్టి నాలుగు తరగతులుగా విభజించిరి. పెక్కు కౌన్సిళ్ళు పై రెండింటికే తలుపు తెఱచెను. 2015 ఏప్రిల్ నుండి ఇంగ్లండంతటికిని అర్హతకు ఒకే కొలత యేర్పడినది. అందలి పది యంశములలో ఇంటిని నివాసయోగ్యముగ నుంచుకొనుట యొకటి. కాని కనీసము రెండంశములందు అశక్తత యుండి, దానివలన క్షేమమునకు గణనీయమైన హాని కలుగవలెను. ఇల్లొక్కటే యూడ్చుకొనజాలనివారి కర్హత లేదు.