వాలు మీద వదిలేసిన బండి

2013 జులై 5, శుక్రవారం రాత్రి. కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో, సరస్సు ఒడ్డున సుమారు ఆరువేల జనాభా ఉన్న లాక్ మెగాంటిక్ ఊళ్లో వారాంతపు సందడి. నడిబజారులో మ్యూజీ కఫేలో పాటల కచేరీ నడుస్తోంది. అక్కడికి పదకొండు కిలోమీటర్లు ఎగువన, నాంత్ అనే పల్లె దగ్గర, పదకొండు గంటలు కావస్తుండగా ఒక గూడ్సు బండి వచ్చి ఆగింది. ఊరి చావు ఆ వాలు మీద కాచుకుని ఉందని ఎవరికి తెలుసు?

బండి మాంట్రియల్ మెయిన్ అండ్ అట్లాంటిక్ రైల్వేది. ఐదు ఇంజన్లు, రెండు వేరే పెట్టెలు, 72 ట్యాంకర్ల నిండా నార్త్ డకోటా ముడిచమురు. చేరాల్సింది సెయింట్ జాన్‌లోని ఇర్వింగ్ రిఫైనరీకి. మొత్తం బరువు తొమ్మిది వేల టన్నుల పైచిలుకు. అంత బండికీ మనిషి ఒక్కడే, డ్రైవరు. మన గూడ్సు బండ్ల చివర గార్డు పెట్టె, అందులో బ్రేకు తిప్పే మనిషి ఉండేవాడు. ఇక్కడ చివర ఎవరూ లేరు.

అక్కడ పట్టాలు నూరు మీటర్లకు మీటరుకు పైగా దిగుతాయి. కంటికి అంతగా ఆనదు గానీ, బరువుకు తెలుస్తుంది. డ్రైవరు ఏడు హ్యాండ్ బ్రేకులు బిగించాడు. ఆ ఏడూ ఇంజన్లకూ, ఆ రెండు పెట్టెలకూ మాత్రమే. 72 ట్యాంకర్లలో ఒక్కదానికీ బిగించలేదు. బండి నిలుస్తుందో లేదో చూసేటప్పుడు ఇంజన్ల గాలి బ్రేకు తీయకుండానే చూశాడు. కదల్లేదు. హ్యాండ్ బ్రేకులే పట్టి ఉంచాయనుకున్నాడు, నిజానికి పట్టింది గాలి. ట్యాంకర్లన్నిటికీ ఒకేసారి పడే ఆటోమేటిక్ బ్రేకు ఉంది, కానీ బండి నిలిపాక అది వేయడం కంపెనీ పద్ధతి కాదు. ముందు ఇంజను ఒక్కటి నడుస్తూ గాలి నింపుతుండగా, అతను టాక్సీ ఎక్కి ఊళ్లో హోటలుకు వెళ్లిపోయాడు.

ఆ ఇంజనుకు 2012 అక్టోబరులో ఎపాక్సీ లాంటి అంటుతో అతుకు వేశారు. అతుకు నిలవలేదు. అర్ధరాత్రి కావస్తుండగా పొగగొట్టంలో మంటలు లేచాయి. ఫైరింజన్ వాళ్లు వచ్చారు, ఇంజను ఆపారు, మంట ఆర్పారు. రైల్వే మనిషి వచ్చి చూశాడు. అంతా సర్దుకుందని అందరూ ఇళ్లకు మళ్లారు. ఇంజను ఆగితే గాలి నింపేదెవరని అడిగిన వాళ్లు లేరు. గాలి మెల్లగా కారిపోయింది. ఒక్కసారిగా తగ్గి ఉంటే ఆటోమేటిక్ బ్రేకు దానంతటదే పడేది. అంత నెమ్మదిగా తగ్గడంతో అదీ పడలేదు.

ఒంటిగంటకు కాస్త ముందు బండి కదిలింది. దీపం లేదు, కూత లేదు, మనిషి లేడు. వెనక బరువు ముందు బరువును తోసుకుంటూ గంటకు వంద కిలోమీటర్లు దాటింది. ఒంటిగంట పదిహేనుకు ఊరి నడుమ పట్టాలు తప్పింది. 63 ట్యాంకర్లు పడ్డాయి. అరవై లక్షల లీటర్ల చమురు వీధుల్లో నిప్పుల వాగై పారింది. 47 మంది పోయారు. మ్యూజీ కఫేలో ఉన్నవాళ్లలో ఎంతోమంది తిరిగి ఇల్లు చేరలేదు. నలభై భవనాలు బూడిదయ్యాయి. సుమారు రెండువేల మంది ఇళ్లు విడిచి పరుగు తీశారు.

నెల తిరగ్గానే కంపెనీ దివాలా పిటిషను వేసింది. ఏడాది తర్వాత వచ్చిన రవాణా భద్రతా బోర్డు నివేదిక పద్దెనిమిది కారణాలు చూపింది. ఆ వాలు మీద కనీసం 17, బహుశా 26 హ్యాండ్ బ్రేకులు కావాలని లెక్క తేల్చింది. 2018 జనవరిలో, విచారణకు నిలబడ్డ ముగ్గురు కంపెనీ ఉద్యోగులనూ జ్యూరీ నిర్దోషులంది. ఒక మనిషి నెత్తిన రుద్దడానికి అది చాలా పెద్ద చావు. అతుకు వేసినవాళ్లు, ఒక్కడే చాలన్నవాళ్లు, సరే అని అనుమతించినవాళ్లు, అందరి చేతులూ అందులో ఉన్నాయి.

ఈ పాఠం రైళ్లకే కాదు. ఇదే కెనడాలో వేసవి రాగానే మోటార్‌హోమ్ వెనక కారు తగిలించుకుని రాకీ పర్వతాల దారి పట్టే కుటుంబాలెన్నో. చదును దారిలో ముందు బండి బ్రేకే చాలుననిపిస్తుంది. దిగుడు రాగానే వెనక కారు తోయడం మొదలెడుతుంది. అందుకే ఆ కారు బ్రేకును దానంతటదే తొక్కే పరికరం, కొక్కెం ఊడితే బ్రేకు వేసే స్విచ్చి తీగ అమ్ముతారు. ఇన్ని కిలోల లోపైతే అక్కర్లేదట కదా అని చట్టంలో సందు వెతికేవాళ్లూ ఉన్నారు. చట్టం కనీసం ఎంత కావాలో చెబుతుంది, దారి ఎంత వాలుతుందో చెప్పదు. నాంత్ దగ్గర బ్రేకులకు కొదవ లేదు. బిగించిన హ్యాండ్ బ్రేకుల్లో ఒక్కటీ ట్యాంకర్లకు లేదు, గాలి బ్రేకుకు ఊపిరినిచ్చే ఇంజను ఆగిపోయింది. ముందున్నది చచ్చినా వెనకున్నది తనను తాను పట్టుకోగలదా అన్నది, తాళం జేబులో వేసుకునే ముందు అడగాల్సిన ప్రశ్న.