మాలదాసరి కథయందలి భయానకము

తిరుమలలోఁ గార్తిక శుద్ధ ద్వాదశినాఁడు, సూర్యోదయమునకు ముందే, ఉగ్రశ్రీనివాసమూర్తికి ఉభయదేవేరులతోఁ దిరువీథులలో నుత్సవము జరుగును. ఈ మూర్తి సంవత్సరమున కా యొక్కనాఁడే యాలయము వెడలి వచ్చును. సూర్యకిరణములు సోఁకకమున్నే మరల లోనికిఁ గొనిపోవుదురు. సోఁకినచో నగ్నిభయము గలుగునని పూర్వులనుండి వచ్చిన నమ్మకము. అదే దినమున స్వామి సన్నిధిని గైశికపురాణము చదువుదురు. ఆ కథ యేమనఁగా, ఒక బ్రహ్మరాక్షసుఁడు ఒక భక్తునిఁ బట్టుకొని తినఁబోవుట. గోవిందనామము మ్రోఁగుచోట, తెల్లవాఱుజామున, నరమాంసభక్షకుని కథ వినిపించుటకు మన పెద్దలు సంకోచింపలేదు. దానిని గ్రంథములోఁ జదువుట కిప్పటి చదువరులలోఁ బెక్కురు సంకోచించుచున్నారు. ఈ వ్యాసము వ్రాయుటకు హేతు విదియే.

ఆ కథనే శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద షష్ఠాశ్వాసమున మాలదాసరి కథగా విస్తరించి వ్రాసెను. కావ్యము తిరువేంగళనాథునకే యంకితము. కళింగదండయాత్రాసమయమునఁ గృష్ణాతీరమందలి శ్రీకాకుళమున నాంధ్రవిష్ణువు స్వప్నమునఁ గానవచ్చి యీ కృతి నాజ్ఞాపించెనని రాయలే పీఠికలోఁ జెప్పుకొనినాఁడు. 1513 మొదలు 1521 వఱకు నాతఁ డేడుమాఱులు తిరుమల యెక్కెను. 1514లో 30,000 వరాహములతో స్వామికిఁ గనకాభిషేకము చేసెను. పిమ్మట నానందనిలయవిమానమునకు బంగారుపూఁత పెట్టించెను. తిరుమలదేవీ చిన్నాదేవులతోఁగూడిన యాతని లోహప్రతిమలు మహాద్వారము దాఁటిన మండపమునఁ జేతులు జోడించి నేఁటికిని నిలిచియున్నవి. కొండ యెక్కిన ప్రతి తెలుఁగువాఁడును ఆ ప్రతిమల ప్రక్కగానే లోనికిఁ బోవుచున్నాఁడు. కావున నీ సీమవారికి రాయలు గ్రంథములలోని కవి మాత్రమే కాఁడు. ఇంటి పెద్దవలె నెఱుకపడినవాఁడు.

ఎఱుకపడిన కవి భయపెట్టినప్పుడు కలుగు తొట్రుపాటు వేఱు. తెలియనివాని రాక్షసుఁడు కట్టుకథ. ప్రియకవి సృజించిన రాక్షసుఁడు నమ్మకద్రోహమువలెఁ దోఁచును. ఇది మన కాలమునకుఁ గ్రొత్త కాదు. 1980 ప్రాంతమున యండమూరి వీరేంద్రనాథ్ గారి 'తులసిదళము' ఆంధ్రభూమి వారపత్రికలో వెలువడినప్పుడు పసిబిడ్డపైఁ జేతబడి ప్రయోగించు ఘట్టములకు వడఁకుచునే పాఠకులు తరువాతి సంచికకై కాచుకొనిరి. అట్టి రచన చదువరికి మత్తుమందు వంటిదని రంగనాయకమ్మగారు గంజాయి పేరు పెట్టి యొక పుస్తకమే వ్రాసిరి. ఆ వివాదమున నెవరి పక్షము న్యాయ్యమో తీర్చుట కిది తావు కాదు. కాని యందలి ప్రశ్న పాతది: ప్రియకవి మనలను భయపెట్టుటకు మన మేల యొడఁబడుదుము? ఆలంకారికులు భయానకబీభత్సములను నవరసములలోఁ జేర్చి, లౌకికమైన భయము కావ్యమున నాస్వాద్యమగునని చెప్పి యూరకుండిరి. సమాధాన మింపుగానే యున్నది. కాని రాత్రివేళ నొంటిగా మాలదాసరి కథ చదివినవానికిఁ జాలదు.

మూలమును జూతము. కైశికమాహాత్మ్యము వరాహపురాణాంతర్గతము, వరాహమూర్తి భూదేవికిఁ జెప్పినది. శ్రీవైష్ణవులకుఁ బరమాదరణీయము, పండ్రెండవ శతాబ్దిని బరాశరభట్టరు దీనికి వ్యాఖ్య చేసిరి. పాండ్యదేశపుఁ దిరుక్కురుంగుడి క్షేత్రమున నీ గాయకుని నంపాడువాన్, అనఁగా 'మన పాటగాఁడు' అని ముద్దుగాఁ బిలుతురు. పురాణమున రాక్షసుఁ డుండును, ఆఁకలి యుండును, శపథములు పదునెనిమిది యుండును. భయము మాత్రము సూచనామాత్రము. పురాణకర్తకుఁ బాట మహిమ చెప్పుటయే పని. రాక్షసుఁ డందులకుఁ బరికరము. చదువరిని వడఁకించు నంశములు చాలవఱకు రాయలు తెచ్చిపెట్టినవే. ఆతఁ డేల తెచ్చెననునదే విచార్యము.

రాయల కవితకుఁ బ్రాణము చూపు. శ్రీవిల్లిపుత్తూరి వర్ణనమునఁ గాలువలలోఁ దలలు ఱెక్కలలో దూర్చి నిద్రించు బాతులను, బ్రాహ్మణులు స్నానము చేసి పిడిచి మఱచిన వస్త్రములని తలారులు భ్రమపడి తీయఁబోవు పద్యము తెలుఁగు చదివినవా రెవ్వరు నెఱుఁగనిది కాదు. వానకాలమునఁ దడిసిన కట్టెలతోఁ బొయ్యి రాఁజవేయు నిల్లాండ్ర యవస్థ వఱకు నాతని కన్ను పోయినది. చక్రవర్తి వంటయిల్లు చూచుట యబ్బురమే. ఆ చూపే, ఆ యోపికయే, ఏమాత్రమును మార్పులేక, మాలదాసరి కథలో మఱ్ఱిచెట్టు మీఁదికిఁ దిరిగినది.

దాసరి వేళ కాకమున్నే గుడికి బయలుదేఱి, చీఁకటిలోఁ ద్రోవ తప్పి, మనుష్యసంచారము లేని బయట నొక మఱ్ఱిని గనును. ఊడలతోఁ గొమ్మలతో నర్ధయోజనము ప్రాఁకిన వృక్ష మది. దాని యాకులమీఁదఁ బురుగులు చేసిన గంట్లు వ్రాఁతలవలెఁ గానవచ్చునని కవి చెప్పును. పురుగు తిన్న యాకులో లిపి చూచినవాఁడు బాతులలో వస్త్రములు చూచినవాఁడే. అటుపిమ్మటఁ జెట్టు చుట్టును ఎముకలు, మెదడు జుఱ్ఱి పాఱవైచిన పుఱ్ఱెలు. ఇక్కడనే చదువరి యాఁగును. బాతులయెడఁ గవి చూపిన ప్రీతి పుఱ్ఱెలయెడఁ దగ్గలేదు. చూపు తిప్పుకొనలేదు, జాలి మాటలు చేర్చలేదు. ఉదయగిరిని, కొండవీటిని, రాయచూరిని బోరాడి గెలిచిన సేనానికి మానవకళేబరము వార్త కాదు. యుద్ధానంతరభూమిని గన్నార్పక చూచినవాని నెమ్మది యీ ఘట్టమునఁ గలదని నా యభిప్రాయము. సంస్కృతమున దీనితోఁ దూఁగఁదగినది భవభూతి మాలతీమాధవ పంచమాంకమందలి శ్మశానవర్ణన మొక్కటి. కాని యచ్చట మాధవుఁడు ప్రేమోన్మత్తుఁడై తనకుఁ దానై వెళ్ళును. ఇచ్చట దాసరి పాట పాడుటకుఁ బోవుచు దారి తప్పినవాఁడు. భయ మెక్కుడగుట కా భేదము చాలును.

కుంభజానువను నా బ్రహ్మరాక్షసుఁడు పట్టుకొన్నప్పుడు దాసరి ప్రార్థింపఁడు, మూర్ఛిల్లఁడు, పెనఁగును. ఓడిన పిదపఁ, జావు నిశ్చయమని తెలిసి, యొక్కమాఱు స్వామికిఁ బాడి వచ్చెదను, తరువాతఁ దినుమని యడుగును. రాక్షసుని పరిహాసము మన పరిహాసమే: మృత్యువు నోటినుండి వెడలినవాఁడు తిరిగి వచ్చునా? దాసరి శపథములు చేయును. కడపటిది, తాను రాకున్నచో శ్రీమన్నారాయణునితో నన్యదైవమును సమముగాఁ దలఁచిన పాపము తన కగునని. రాక్షసుఁడు విడుచును. దాసరి గుడికిఁ బోయి పాడును, మరలి వచ్చును.

నామటుకుఁ గథలో మిక్కిలి భయము గొల్పునది పుఱ్ఱెల కుప్ప కాదు, ఈ మరలివచ్చుట. పెద్దపులి యెదుటఁ బాఱిపోవువానిఁ జూచి జాలిపడుదుము. తన యవయవములు తానే చూపుచు, నీవు విడిచినప్పటి దేహమే యిది, కొఱఁత లేదు, భక్షింపుమని నిలిచినవానిఁ జూచినప్పుడు జాలికిఁ జోటు లేదు. ఒక మాటకై యొడలప్పగించువాఁ డుండఁగలఁడా యను సందేహమున మన మాటల విలువ మనకుఁ దెలిసివచ్చును. మఱ్ఱిక్రిందఁ గవి యెముక నెముకగాఁ జూపుట యిందులకే. మరణ మెట్టిదో కంటఁబడనిచో దాసరి మరలివచ్చుట సులభమైన సుగుణము, పాఠశాలలోఁ జెప్పెడి నీతికథ యయ్యెడిది. బీభత్సమును దీసివైచి యీ కథను బిల్లలకుఁ జెప్పువారు సత్యవ్రతమును నిలిపితిమని తలంతురు గాని దానికి వెలయే లేకుండఁ జేయుచున్నారు.

రాక్షసుఁడు వలగొని, కన్నీరు గార్చి, పాట ఫలము దానమిమ్మని వేఁడును. దాసరి యంత సులభముగా నీయఁడు. ప్రాణము నిచ్చుటకు వెఱవనివాఁడు పాటఫలము నిచ్చుటకు వెనుదీయుట యీ కథలోని మఱియొక వింత. తుదకుఁ గరుణించును. రాక్షసునకు మునుపటి బ్రాహ్మణరూపము వచ్చును. ఆతఁడు పూర్వజన్మమున సోమశర్మ. తినవచ్చినవాఁడు బ్రాహ్మణుఁడు, తినఁబడవలసినవాఁడు చండాలుఁడు, ఉద్ధరించినవాఁడును ఆ చండాలుఁడే. రాయలు దీనిని మఱుఁగుపఱుపలేదు. వర్ణాశ్రమములను రక్షింతుననెడి చక్రవర్తి వ్రాసినది గనుక నిది చిన్న సంగతి కాదు. అంతియకాదు. ఈ కథ విన్న భూదేవియే పాటపై మక్కువతో గోదాదేవియై జన్మించెను. తులసివనమునఁ బుట్టిన యా కన్య పాటకు మూలము వెదకుచుఁ బోయినచో మఱ్ఱిక్రింది పుఱ్ఱెలయొద్దఁ దేలుదుము.

మాలదాసరి గుడి లోపలఁ బాడలేదు. వెలుపలనే నిలిచి పాడెను. తిరుక్కురుంగుడిలో ధ్వజస్తంభము ప్రక్కకు జరిగి యాతనికి స్వామిదర్శన మిచ్చినదని స్థలకథ చెప్పును. నేఁటికిని నది సన్నిధి కెదురుగాఁ గాక యొక ప్రక్కగానే యున్నది. ధ్వజస్తంభము జరిగెను గాని ద్వారమునొద్ద మనుష్యులు జరుగలేదు. ఏటేటఁ గైశికద్వాదశినాఁ డీ కథను భక్తితో విన్నవారే, ఆ దాసరి కులమువారు గుడిమెట్టు నెక్కరాదని శతాబ్దముల పర్యంతము నిర్బంధించిరి. ఈ జిల్లా యప్పుడు మద్రాసు రాష్ట్రములోనిది. ఆలయప్రవేశమునకుఁ జట్టము 1947లో వచ్చినది. రాయలు వ్రాసి యప్పటికి నాలుగువందల యేండ్లు దాఁటినవి.