ఆఖరి సూది

నేను పనిచేసిన పశువుల ఆసుపత్రిలో భేదిఉప్పు డబ్బా ఎప్పుడూ నిండుగా ఉండేది. పేడ బిగిసిన గేదెలకు నీళ్ళలో కలిపి తాగించేవాళ్ళం. అదే ఉప్పునీరు, కుక్కకు పూర్తిగా మత్తెక్కి ఒళ్ళు తెలియకుండా పోయాక నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. ఈ పనికి వాడే పెంటోబార్బిటాల్ అనే మందును 1930లో అమెరికాలో వోల్‌విలర్, టాబర్న్ అనే ఇద్దరు తయారుచేశారని చదువుకున్నాం గానీ, మా ఆసుపత్రికి అదెన్నడూ రాలేదు. మత్తుకు థయోపెంటోన్, ఆ తర్వాత భేదిఉప్పు. మాకు తెలిసిన ఆఖరి సూది అదే.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఆ పని మీద ఎవరూ వచ్చేవారు కాదు. పడకేసిన ఎద్దునైనా కొట్టంలోనే పోనిచ్చేవాళ్ళు. కుక్క సంగతి మరీ తేలిక. ముసలిదైతే ఓ రోజు కనపడదు, అంతటితో సరి. పిచ్చికుక్కయితే ఊరంతా కర్రలు పట్టుకునేది. తర్వాత్తర్వాత టౌన్లలో పామరేనియన్లు వచ్చి మంచాల కింద పడుకోవడం మొదలెట్టాక మాకు ఈ పని తగిలింది. "చూడలేకపోతున్నాం డాక్టరు గారూ, ఏదో ఒకటి చేసెయ్యండి" అనేవాళ్ళు. చంపండి అన్న మాట ఒక్కరి నోటా రాలేదు. నేను ముందుగా అడిగేది ఒకటే: "తిండి తింటోందా?"

మన దేశంలో జంతువును చంపొచ్చా అన్న తగువును నెత్తిన వేసుకున్నవాడు గాంధీ. 1926లో అహ్మదాబాదు మిల్లు యజమాని అంబాలాల్ సారాభాయ్ 60 వీధికుక్కల్ని చంపిస్తే, గాంధీ తప్పుపట్టకపోగా యంగ్ ఇండియాలో వరసగా వ్యాసాలు రాశాడు. అయితే అది పిచ్చికుక్కల భయంతో చేసిన పని. 1928 నాటి సంగతి వేరు. సబర్మతి ఆశ్రమంలో ఓ దూడ పక్కకు తిరగాలన్నా విలవిల్లాడిపోతోంది. ఆయన ఆశ్రమంవాళ్ళనీ ఇరుగుపొరుగునూ అడిగాడు. ప్రాణం పొయ్యలేనివాడికి తీసే హక్కెక్కడిదని ఒకాయన అడ్డం తిరిగాడు. చివరికి డాక్టరు సూది వేశాడు, రెండు నిమిషాల్లోపే అయిపోయింది. ఆపైన తిట్ల ఉత్తరాలు కుప్పలు. ఆయన వాదన మాటెలా ఉన్నా, దూడ కోసం పదిమందినీ కూర్చోబెట్టి అడగడం నాకు పెద్ద సంగతిగా తోస్తుంది.

చట్టానికి అంత తీరిక లేదు. రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో పట్టిన పట్టు వల్ల 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. అందులో 13వ సెక్షన్ నిండా పోలీసులు, మేజిస్ట్రేటు, పశువైద్యుడి సర్టిఫికెట్టు. అదే చట్టంలో మరోచోట వీధికుక్కలకు 'లీథల్ ఛాంబర్' అనే మాట కూడా ఉంది. 1884లో లండన్ బాటర్‌సీ కుక్కల శరణాలయానికి రిచర్డ్‌సన్ అనే డాక్టరు కట్టించిన విషవాయువు గది తాలూకు వాసన అది. పక్క తడుపుకుంటున్న ముసలి కుక్కను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషికి మాత్రం ఆ చట్టంలో ఒక్క ముక్క లేదు. 2001 నాటి కుక్కల నియమాల్లో ఒక వాక్యం నాకిష్టం: ఒక కుక్క చూస్తుండగా ఇంకో కుక్కకు ఆ సూది వెయ్యకూడదు. అది రాసినవాళ్ళెవరో గానీ, ఇంట్లో కుక్క ఉండే ఉంటుంది.

2004లో అమెరికాలో విల్లలోబోస్ అనే పశువుల క్యాన్సర్ డాక్టరమ్మ ఆఖరి సూది ఎప్పుడన్నది తేల్చుకోడానికి మార్కుల పట్టిక వేసింది. నొప్పి, ఆకలి, నీళ్ళు, శుభ్రం, సంతోషం, నడక, చెడ్డరోజుల కన్నా మంచిరోజులు ఎక్కువా అన్నది. ఒక్కోదానికి 10 మార్కులు, 35 దాటితే ఇంకా చూసుకోవచ్చు. ఇదేం పదో తరగతి పరీక్షా అని నవ్వాను.

మా కుక్క జాకీగాడికి పద్నాలుగేళ్ళు వచ్చి కిడ్నీలు పాడైనప్పుడు ఆ పట్టికే తీశాను. నేనూ మా ఆవిడా విడివిడిగా వేశాం. నా లెక్క 29, ఆవిడది 41.

"పొద్దున ఇడ్లీ తిన్నాడుగా" అంది.

తినడమంటే, ఆవిడ పాలలో నానేసి వేలితో నాలుక మీద పెడితే మింగాడు. నాలుగు రోజులు ఆగాం. ఐదో రోజు సిరంజి తీసి మళ్ళీ సంచీలో పెట్టేసి, నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాడికి ఫోన్ చేశాను. అతనొచ్చేసరికి రెండో కుక్కను పెరట్లో కట్టేశాను. అతను నేలమీద గొంతుక్కూర్చుని, జాకీగాడి పెదవి పైకెత్తి చిగుళ్ళు చూసి, తలెత్తకుండానే అడిగాడు:

"తిండి తింటున్నాడా సార్?"

నేను మా ఆవిడ వైపు చూశాను.