చెరకు తోట నుండి పిల్లల తోటకు

మన ద్వీపములందు తోట యనగానే పెద్దలకు చెరకు తోటయే గుర్తునకు వచ్చును. మన పెద్దలు ఆ తోటలలో చెమటోడ్చిన కాలముననే, సముద్రమునకు ఆవలనున్న ఆస్ట్రేలియాలో మరియొక విధమైన తోట మొలకెత్తినది. అది పిల్లల తోట. జర్మనీ దేశీయుడైన ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ 1840లో తన శిశుపాఠశాలకు 'కిండర్‌గార్టెన్' అని పేరిడెను. ఆ మాటకు పిల్లల తోట యనియే అర్థము. 1987లో ఫిజీలో జరిగిన సైనిక తిరుగుబాట్ల తరువాత వేలకొలది భారత సంతతి కుటుంబములు ఆస్ట్రేలియా మొదలగు దేశములకు తరలిపోయినవి. నేడు మనలో అనేకుల మనుమలు, మనుమరాండ్రు అచ్చటి శిశుసంరక్షణ కేంద్రములలో పగలు గడుపుచున్నారు. కావున ఈ రెండు తోటల చరిత్రను కలిపి తెలిసికొనుట మనకు మేలు.

గిర్మిట్ కూలీల మొదటి ఓడ లియోనిదాస్ 1879 మే 14వ తేదీన ఫిజీ చేరెను. 1903 నుండి మదరాసు రేవు ద్వారా తెలుగువారు, తమిళులు, మలయాళీలు రాసాగిరి. పెక్కు తోటలకు యజమాని సిడ్నీ నగరమున ప్రధాన కార్యాలయము గల కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ. ఆ తోటలలో తండ్రి వలెనే తల్లియు పొలము పనికి పోవలసినదే. చంటిబిడ్డను పొలము గట్టున నీడపట్టున పడుకొనబెట్టిన తల్లులు కలరు. కూలి లైన్లలో ఇరుగుపొరుగు వారికి అప్పగించి పోయిన తల్లులును కలరు. బిడ్డ పడకుండ, ఏడ్వకుండ చూచుటయే ఆనాటి సంరక్షణ. అంతకు మించి చేయుటకు ఎవరికిని తీరిక లేదు. 1920 జనవరి 1వ తేదీతో మిగిలిన కూలి ఒడంబడికలు రద్దయ్యెను. కాని పనికి పోవు తల్లి బిడ్డ ఎవరి చేతిలో పెరుగవలెనను ప్రశ్న మాత్రము మిగిలిపోయినది.

ఇదే ప్రశ్న సిడ్నీ నగరపు పేదవాడలలోను పుట్టెను. 1895లో న్యూ సౌత్ వేల్స్ కిండర్‌గార్టెన్ యూనియన్ ఏర్పడెను. అందుకు పాటుపడిన వారిలో మేబాంక్ వుల్స్టన్‌హోమ్ ముఖ్యురాలు. స్త్రీలకు ఓటు హక్కు కావలెనని పోరాడినదియు ఆమెయే. మరుసటి సంవత్సరమే రేవు ప్రాంతమైన వులూమూలూలో బీదపిల్లలకు ఉచిత కిండర్‌గార్టెన్ తెరువబడినది. పనికి పోవు తల్లుల చంటిబిడ్డల కొరకు 1905లో సిడ్నీ డే నర్సరీ సంఘము వెలసెను. అదే సంవత్సరము అడిలైడ్‌లో లిలియన్ డి లిస్సా బోధనకు పూనుకొనెను. 1907లో బ్రిస్బేన్‌లోను, 1908లో మెల్బోర్న్‌లోను, 1911లో పెర్త్‌లోను ఇట్టి సంఘములే ఏర్పడినవి. పిమ్మట 1939-40 సంవత్సరములలో ఆరు రాష్ట్రముల రాజధానులందును లేడీ గౌరీ పేర కేంద్రములు వెలసినవి. వీనికి ధనమిచ్చినది కేంద్ర ప్రభుత్వము. ఆహారము, నిద్ర, ఆరోగ్యము, ఆట యను నాలుగింటిని కలిపి చూచిననే బిడ్డ ఎదుగునని ఇవి లోకమునకు చూపినవి. 1972లో శిశుసంరక్షణ చట్టము వచ్చి, లాభాపేక్ష లేని కేంద్రములకు ప్రభుత్వ సహాయమునకు దారి తీసినది.

ఐనను ఆ దేశ చరిత్రలో చీకటి పుట యొకటి కలదు. సంరక్షణ యను పేరుతోనే ఆదివాసుల బిడ్డలను తల్లుల ఒడినుండి లాగికొనిపోయిరి. న్యూ సౌత్ వేల్స్‌లోని బోమడెరీలో 1908లో తెరువబడిన ఆదివాసి శిశుగృహమున పసికందులను సైతము ఉంచిరి. అట్లు వేరుచేయబడిన బిడ్డలలో అనేకులకు కన్నవారితో పాటు కన్నవారి భాషయు దూరమయ్యెను. 2008 ఫిబ్రవరి 13వ తేదీన ప్రధానమంత్రి కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పెను. కూడు పెట్టి, గూడు ఇచ్చినంత మాత్రమున సంరక్షణ కానేరదనియు, బిడ్డను తనవారి నుండి తెంచునది సంరక్షణయే కాదనియు ఈ పుట మనకు బోధించుచున్నది.

నేటి స్థితి వేరు. 2009లో ఆస్ట్రేలియా దేశమంతటికిని ఒకే శిశువిద్యా ప్రణాళిక వచ్చినది. 2022లో దానిని సవరించిరి. తనవారికి చెందియుండుట, ఉన్న క్షణమును అనుభవించుట, ఎదుగుట యనునవి దాని మూడు మూలసూత్రములు. ఇంటి భాషను, ఇంటి ఆచారములను గౌరవింపవలెనని అది ఉపాధ్యాయులకు చెప్పుచున్నది. 2012 జనవరి 1 నుండి అమలైన చట్టము ప్రకారము రెండేండ్లలోపు బిడ్డలు నలుగురికి ఒకరు చొప్పున సంరక్షకులు ఉండవలెను. రెండు మొదలు మూడేండ్ల వరకు సామాన్యముగా ఐదుగురికి ఒకరు. అటుపైన పదునొకండుగురికి ఒకరు. కొన్ని రాష్ట్రములలో నియమము ఇంకను కఠినము. ఈ లెక్క వ్యర్థమైనది కాదు. బిడ్డ ఊకొట్టినప్పుడు కన్నులలోకి చూచి బదులు పలుకువారు ఉన్నప్పుడే మాట వికసించును. ఒకరి చేతిలో ఇరువదిమంది పసిపిల్లలున్నచో ఎవరికి బదులు పలుకగలరు?

అయితే చట్టము చేయలేని పని యొకటి మన చేతిలో నున్నది. తెలుగు బిడ్డ ఆకలి వేసిన 'బువ్వ' యనును, నిద్ర వచ్చిన 'బజ్జో' యనును, స్నానమును 'లాల' యనును. ఈ మాటలు ఎరుగని సంరక్షకురాలు ఎంత దయ గలదైనను బిడ్డ ఏడ్పునకు కారణము గ్రహింపలేదు. ఇట్టి పది మాటలను ఆంగ్ల లిపిలో వ్రాసి, అర్థముతో కేంద్రమునకు ఇచ్చుట ఎంత పని? మన జోలపాటను ఫోనులో పాడి పంపిన, మధ్యాహ్నపు నిద్రవేళ బిడ్డకు అమ్మమ్మ గొంతు వినబడదా?

కొందరు తల్లిదండ్రులు బిడ్డకు ఇంగ్లీషు రాదేమోనను భయముతో ఇంట తెలుగు మానుచున్నారు. ఈ భయము నిరాధారము. ఇంటి భాష గట్టిపడిన బిడ్డకు రెండవ భాష నేర్చుటకు పునాది దొరకును. మానిన దాని ఫలితమును మనము ఎరుగుదుము. ఫిజీలో 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘము ఏర్పడి తెలుగు కొరకు పాటుపడినను, అనేక ఇండ్లలో ఫిజీ హిందీయే వాడుక భాషయై, తాతలకు వచ్చిన తెలుగు మనుమలకు రాకపోయినది. చెరకు తోటలలో మన పెద్దలకు వేరు దారి లేదు, మనకు కలదు.

తల్లులారా, తండ్రులారా! పిల్లల తోటకు మంచి తోటమాలులను ప్రభుత్వము ఏర్పరచగలదు. విత్తనము మాత్రము మన ఇంటి నుండియే పోవలెను.