ఒక పేరా పాఠం

ఎటోబికోలో ఒంటారియో సరస్సుకు దగ్గరగా ఎర్ర ఇటుకల పాత భవనాలు కొన్ని ఉన్నాయి. 1890లో మిమికో మానసిక చికిత్సాలయంగా తెరిచిన ఆ ఇళ్ళలో నేడు హంబర్ కళాశాల తరగతులు నడుస్తున్నాయి. ఒకనాడు రోగులను ఉంచిన ప్రాంగణంలోనే సంఘసేవ, బాలల సంరక్షణ వంటి వృత్తులకు సిద్ధమయ్యే విద్యార్థులు పాఠాలు వింటున్నారు. స్టీవ్ సిల్బర్‌మన్ ‘న్యూరోట్రైబ్స్’ (2015) ముగించిన వారం నేను ఆ వైపు వెళ్ళాను.

ఆ ఆస్పత్రి 1979లో మూతపడింది. అమెరికన్ మనోవైద్య సంఘం తన నిర్ధారణ గ్రంథంలో ఆటిజానికి ప్రత్యేక స్థానమిచ్చినది మరుసటి సంవత్సరం, మూడవ కూర్పులో. అంతకు ముందు అటువంటి బిడ్డ ‘బాల్య స్కిజోఫ్రెనియా’ పద్దు కింద చేరేవాడు. లియో కానర్ పదకొండుగురు పిల్లల గురించి వ్రాసి అప్పటికి 37 ఏళ్ళు.

ఈ ఆలస్యానికి మూల్యం చెల్లించినది ఎక్కువగా తల్లులు. కానర్ 1943 వ్యాసంలో ఇది పుట్టుకతో వచ్చిన లోపమన్నాడు. అదే వ్యాసంలో ఆ తల్లిదండ్రులలో ఆప్యాయత గలవారు బహు కొద్దిమందేననీ అన్నాడు. లోకం రెండవ మాటను పట్టుకున్నది. 1967లో బ్రూనో బెటల్‌హైమ్ ‘ది ఎంప్టీ ఫోర్ట్రెస్’తో ఆ నిందకు పాండిత్యపు ముద్ర వేశాడు. అంతకు మూడేళ్ళ ముందే బెర్నార్డ్ రిమ్లాండ్ ఆ వాదాన్ని ఖండిస్తూ పుస్తకం వ్రాశాడు. ఆయన స్వయంగా ఆటిజం ఉన్న బాలుని తండ్రి. ముందుమాట వ్రాసినది కానరే! 1969లో తల్లిదండ్రుల సభలో నిలబడి వారు నిర్దోషులని కూడా ప్రకటించాడు. సిల్బర్‌మన్ ఆయన పట్ల కొంత కఠినంగా ఉన్నాడనిపించింది నాకు.

మా వైద్యవిద్యలో ఆటిజం ఒక పేరా. అందులో తల్లి స్వభావం గురించి ఒక వాక్యం. దానిని కంఠస్థం చేసి, పరీక్షలో వ్రాసి, మార్కులు తెచ్చుకున్నవాడిని. ఎన్నో ఏళ్ళ తరువాత ఇక్కడ ఒక తెలుగు తల్లి, “నేను ఉద్యోగానికి పోవడం వల్లనేనా డాక్టరుగారూ?” అని అడిగింది. ఆ వాక్యం నాకంటే ముందే సముద్రాలు దాటి వచ్చిందన్నమాట.

నైజీరియాలో బకారే, ఆయన సహచరులు 2008లో ఆరోగ్య సిబ్బందికి బాల్య ఆటిజం గురించి ఏమి తెలుసునో కొలిచే 19 ప్రశ్నల పట్టిక ఒకటి ప్రకటించారు. తరువాత ఎనుగులో చివరి సంవత్సరపు వైద్య, నర్సింగ్, మనస్తత్వశాస్త్ర విద్యార్థులను ఆ పట్టికతో పరీక్షిస్తే వైద్యవిద్యార్థులే ముందున్నారు. సంతోషించడానికేమీ లేదు. బిడ్డ దగ్గర గంటల తరబడి గడిపేది నర్సులు కదా.

మన సికింద్రాబాదులో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ 1984లో ఏర్పడి ప్రత్యేక ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చింది. అయితే 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు వైకల్యాలను పేర్కొంటే వాటిలో ఆటిజం లేదు. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టంలోకి వచ్చింది. 2016 చట్టంలోని 21 వైకల్యాలలో ఒకటైంది.

తిరుగుదారిలో హార్నర్ వీధి దగ్గర ఆ చికిత్సాలయపు శ్మశానంలో కాసేపు ఆగాను. అక్కడ పూడ్చినవారు 1,511 మంది. చాలా సమాధులపై పేర్లు లేవు, గడ్డి మాత్రం శుభ్రంగా కోసి ఉన్నది.