ఐదవ దినుసు

మొన్న ఏప్రిల్ చివరి వారంలో మా మేనకోడలూ మేనల్లుడూ సెలవులకని నల్లగొండలోని మా ఇంటికి వచ్చారు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. గ్లాసులో పొరలు పొరలుగా రంగులు కనబడే పళ్ళ కాక్‌టెయిల్ చేసిపెట్టమని పిల్లలిద్దరూ పట్టుబట్టారు. మద్యం ప్రసక్తి లేనిదే సుమా! పేరు మాత్రం వాళ్ళకు అదే కావాలి.

చేయడం పెద్ద విద్యేమీ కాదు. దానిమ్మ రసంలో పంచదార వేసి, చిక్కబడేదాకా మరిగించి, చల్లార్చి గ్లాసు అడుగున రెండు వేళ్ళ మందాన పోశాను. దానిపైన మంచు ముక్కలు వేశాను. తరవాత బత్తాయి రసాన్ని చెంచా వీపు మీదుగా మెల్లగా జారవిడిచాను. చక్కెర ఎక్కువైన ద్రవం బరువు గనుక అడుగున నిలుస్తుంది, తేలికైనది పైన తేలుతుంది. అన్నిటికంటె పైన సబ్జా గింజలు నానిన నిమ్మనీళ్ళు, తరిగిన తాటి ముంజలు, రెండు పుదీనా ఆకులు. అడుగున ఎరుపు, నడుమ పసుపు, పైన తెలుపు, ఆ పైన ఆకుపచ్చ. పిల్లలు చప్పట్లు కొట్టారు.

మా నాయనమ్మ వరండాలో కూర్చుని ఇదంతా చూస్తోంది. ఆమెది దేవరకొండ వైపు పల్లె. గ్లాసు చేతికిస్తే తాగలేదు, ఎండకు ఎత్తి పట్టి చూసింది.

"అన్ని మంచిగనే ఉన్నయి బిడ్డా, గని నీళ్ళు యాడియి పోసినవ్?" అంది.

దానిమ్మ ఎక్కడిదని గాని, బత్తాయి కిలో ఎంతని గాని అడగలేదు. నీళ్ళ సంగతే అడిగింది. ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదలలేదు. ఈ వ్యాసం దానికి నేను వెదుక్కున్న సమాధానం.

*

పానీయాల చరిత్రను మన వైపు నుంచి మొదలుపెట్టాలంటే 12వ శతాబ్దికి వెళ్ళాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలను ఆనాడు కందూరు చోడులు ఏలుతున్నారు. పానుగల్లు వారి ముఖ్య పట్టణాల్లో ఒకటి. వారు కల్యాణి చాళుక్యులకు సామంతులు. ఆ చాళుక్య చక్రవర్తుల్లో 1126 నుంచి 1138 దాకా రాజ్యం చేసిన మూడవ సోమేశ్వరుడు 'మానసోల్లాసం' అనే సంస్కృత గ్రంథం కూర్చాడు. రాజు అనుభవించదగిన భోగాలను వరుసగా వివరించే పుస్తకం అది. అందులో అన్నభోగం ఉన్నది, దానితోపాటు పానీయభోగం కూడ ఉన్నది. పానీయం అనగానే మనకు మధువో, పళ్ళ రసమో స్ఫురిస్తుంది. కాని ఆ రాజు దృష్టిలో పానీయాల్లో మొదటిది నీరు. ఏ ఋతువులో ఏ నీరు తాగాలి, దానిని ఎలా శుభ్రపరచాలి, ఎలా సువాసన కట్టాలి అన్నవి అతనికి రాజభోగానికి సంబంధించిన విషయాలు!

చక్రవర్తి నీటి గురించి పుస్తకం రాస్తే, సామంతులు చెరువులు తవ్వించారు. పానుగల్లు చెరువుకు ఉదయ సముద్రమని పేరు. కందూరు చోడుల్లో ఉదయనుడి పేర వెలసినది. దాని చేరువలోనే పచ్చల సోమేశ్వరాలయం, ఛాయా సోమేశ్వరాలయం ఉన్నాయి. యాత్రికులు గుళ్ళు చూసి, ఛాయా సోమేశ్వరంలో పడే నీడను గురించి ఆశ్చర్యపోయి వెళతారు. చెరువును చూసి ఆశ్చర్యపోయేవారు తక్కువ. ఏరు దిగువన పారుతుంటే ఎగువన ఎండిపోయే ఈ రాతి నేల మీద చెరువుకు సముద్రమని పేరు పెట్టుకోవడంలో ఎంత ఆశ ఉన్నదో ఆలోచించండి.

*

ఇక కాక్‌టెయిల్ మాట. కలిపి తాగే పాశ్చాత్య పానీయాలకు పెద్దమ్మ వంటిది 'పంచ్'. ఆ మాట మన 'పంచ' నుంచే వచ్చిందని ఎక్కువమంది ఒప్పుకున్న వ్యుత్పత్తి. పీపా అనే అర్థమున్న ఇంగ్లీషు మాట నుంచి వచ్చిందని వాదించేవారూ ఉన్నారు. సారా, చక్కెర, నిమ్మరసం, సుగంధ ద్రవ్యం, నీరు: ఇవీ ఆ ఐదు దినుసులు.

చిత్రమేమంటే, ఇంగ్లీషులో ఈ మాట కనబడే మొట్టమొదటి ఆధారాలకు తెలుగు తీరంతో సంబంధం ఉన్నది. 1632లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి రాబర్ట్ ఆడమ్స్, పెటపొలిలో ఉన్న సహోద్యోగికి ఉత్తరం రాస్తూ, అక్కడ అందరూ కలిసి పంచ్‌ను కొలత లేకుండా తాగుతుంటారని ఆశిస్తున్నానన్నాడు. పెటపొలి అంటే నేటి బాపట్ల జిల్లాలోని నిజాంపట్నం. అప్పటికది గోల్కొండ కుతుబ్‌షాహీల రాజ్యంలోని రేవు. 1611లో ఇంగ్లీషువారు మొదట దిగిన చోట్లలో అదొకటి. మచిలీపట్నం రేవు నుంచి గోల్కొండకు సరకులు మోసిన బాట మన నల్లగొండ మెట్ట మీదుగానే సాగేది. ఇవాళ్టి హైదరాబాదు విజయవాడ రహదారి ఇంచుమించు ఆ దారినే పోతుంది.

'కాక్‌టెయిల్' అనే మాటకు అచ్చులో తొలి నిర్వచనం 1806 మే నెలలో న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ పట్టణపు పత్రికలో వచ్చింది. ఏ రకం సారా అయినా సరే, దానికి చక్కెర, నీరు, చేదు కషాయం కలిపితే కాక్‌టెయిల్ అని అందులో ఉన్నది. చూశారా, అక్కడ కూడ నీరు ఒక దినుసే. ఐదింటిలో ఒకటి, నాలుగింటిలో ఒకటి. అయినా సారా మీదా, పళ్ళ మీదా, గ్లాసు ఆకారం మీదా పుస్తకాలున్నట్టుగా నీటి మీద ఎవరూ రాయరు. అది ఎల్లవేళలా దొరుకుతుందన్న ధీమా ఉన్నవారి చరిత్ర అది. మా నాయనమ్మది ఆ చరిత్ర కాదు.

*

పళ్ళ సంగతి కూడ కొంచెం చెప్పుకోవాలి. మన పళ్ళ పేర్లలో ఓడరేవులు దాగి ఉన్నాయి. బెంగాలీలో పంపరపనసను బాతాబి లేబు అంటారు. డచ్చివారి బటావియా (నేటి జకార్తా) పేరది. మన బత్తాయికి కూడ అదే మూలమని చెప్పడం కద్దు. అదే పండు రాయలసీమకు వెళితే చీనీ, అంటే చైనా పండు. ఉత్తరాదిన మోసంబి, అంటే మొజాంబిక్ పండు. ఒకే పండుకు మూడు దేశాల పేర్లు! అంతకంటె వింత, యూరపు దేశాల్లో పంచ్ కలపడానికి పేరుపడ్డ సారా కూడ 'బటావియా అరక్' అనే పేరుతోనే వెళ్ళింది. మహబూబ్‌నగర్ జిల్లా బాలానగర్ పేరు మీద ఒక రకం సీతాఫలమే ఉన్నది. సీతమ్మవారి పేరు పెట్టుకున్నాం గాని ఆ చెట్టు కూడ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసుల కాలంలో వచ్చినదే.

వచ్చిన పళ్ళన్నీ నీళ్ళు అడిగాయి. అడగనిది ఒక్క తాడిచెట్టు. బావి తవ్వనక్కరలేదు, కాలువ తెప్పించనక్కరలేదు. రాళ్ళ గట్టు మీద నిలబడి, నడివేసవిలో లొట్టి నిండా తియ్యటి నీరా ఇస్తుంది. లొట్టి లోపల సున్నం పూస్తే పులియడం ఆలస్యమవుతుంది, లేకపోతే పొద్దెక్కేసరికి కల్లవుతుంది. పోద్దాడు కల్లు, పండుతాడు కల్లు, ఈత కల్లు అంటూ రుచులను విడదీసి చెప్పగల నాలుకలు మన పల్లెల్లో ఇంకా ఉన్నాయి. మోకు కట్టుకుని చెట్టెక్కే గౌడు ఈ మెట్ట ప్రాంతానికి నీళ్ళబావి వంటివాడు. మొగలు పాలకుల కాలంలో భువనగిరిని కొల్లగొట్టి, 1710లో మరణశిక్ష పొందిన సర్వాయి పాపన్నను ఖాఫీఖాన్ తన చరిత్రలో కల్లుగీత కులంవాడుగానే పేర్కొన్నాడు.

నీరు అడగని చెట్టు మీద ప్రభుత్వాల కన్ను పడింది. 'ఆబ్కారీ' అనే మాటను విప్పి చూడండి. పారశీకంలో ఆబ్ అంటే నీరు. ఆబ్కారీ అంటే నీటి పని! నిజాం రాజ్యంలో భూమిశిస్తు తరవాత ఖజానాకు ప్రధానమైన రాబడుల్లో ఆబ్కారీ ఒకటి. అందుకనే 1947లో నిజాం వ్యతిరేక సత్యాగ్రహులు ఆ రాబడిని దెబ్బతీయడానికి తాటిచెట్లు, ఈతచెట్లు నరికే కార్యక్రమం పెట్టుకున్నారు. ఉద్యమం న్యాయమైనదే, కాని నరికినది వానకోసం చూడని చెట్టును.

తరవాతి కథ మరింత చేదు. చెట్లు తగ్గాయి, తాగేవారు తగ్గలేదు. లోటును నీళ్ళతో నింపారు, మత్తు కోసం క్లోరల్ హైడ్రేటు, డయాజిపాం, ఆల్ప్రజోలాం కలిపారు. 2015లో అధికారులు కల్తీని గట్టిగా అరికట్టగా, దానికి అలవాటుపడిన పేదలు తెలంగాణ జిల్లాల్లో ఆసుపత్రుల పాలయ్యారు. ఇదీ ఒక రకమైన కాక్‌టెయిలే. దానిని కలిపినవాడు తాగడు, తాగినవాడికి అందులో ఏమున్నదో తెలియదు.

*

నల్లగొండ బత్తాయి మాట చెప్పకపోతే పాపం. తెలంగాణలో బత్తాయికి పేరుపడ్డ జిల్లా మాది. తోటలు పెరిగినకొద్దీ బోర్లు పెరిగాయి, కరువు వచ్చిన ఏటల్లా బోర్లు లోతుకు పోయాయి. ట్యాంకర్లతో చెట్లను బతికించుకున్న రైతులున్నారు, ఆ ఖర్చు భరించలేక కాసే చెట్లను కొట్టేసుకున్నవారూ ఉన్నారు. జిల్లాలోనే 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. కాని కాలువ పల్లానికి పారుతుంది గాని మిట్టకు ఎక్కదు గదా! దేవరకొండ, మునుగోడు మిట్టలు ఎండిపోయే ఉన్నాయి. అటు పాలమూరు కూలీలు దేశమంతటా ఆనకట్టలు కట్టి, కాలువలు తవ్వి, తమ ఊళ్ళకు మాత్రం దాహంతో తిరిగివచ్చారు.

మిట్టల కింద ఉన్నది నల్లరాయి. ఆ రాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి నిలిచిన నీటిలో ఫ్లోరైడు కరుగుతుంది. తాగేనీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు మా బావులకు తెలియదు. పళ్ళ మీద గోధుమరంగు గార, వంగని వెన్ను, దొడ్డికాళ్ళు: ఇవి మా బంధువర్గంలో ప్రతి ఇంటా చూసినవే. నాయనమ్మ చిన్ననాటి స్నేహితురాలు నలభై ఏళ్ళకే నడుము వంచలేక గోడ పట్టుకుని నడిచేదట. ఏ బావి నీళ్ళు తాగవచ్చునో, ఏ బావి నీళ్ళు పశువులకు మాత్రమేనో ఆ ఊరి ఆడవాళ్ళకు నోటిలెక్కగా ఉండేది. వానాకాలంలో చెరువు నీళ్ళు కుండల్లో దాచుకునేవారు. ఆమె గ్లాసును ఎండకు ఎత్తి చూడడం ఆ అలవాటే. ఫ్లోరైడు కంటికి కనబడదని ఆమెకు తెలుసు. అయినా చూస్తుంది.

పంచ్ గురించి అంత చెప్పాను గనుక ఇది కూడ చెప్పాలి. నల్లగొండ పేరుతో ప్రపంచానికి తెలిసిన మిశ్రమం ఒకటున్నది. 1970ల దశకంలో నాగపూరులోని నీరి సంస్థ శాస్త్రజ్ఞులు రూపొందించిన 'నల్లగొండ టెక్నిక్' అది. బకెట్టు నీళ్ళలో తగు పాళ్ళలో పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి వేసి, మొదట వడిగా, తరవాత నెమ్మదిగా కలపాలి. తెల్లటి తరకలు ఫ్లోరైడును పట్టుకుని అడుగుకు చేరుతాయి. ఒక గంట ఆగి పైనీటిని వంచుకోవాలి. చెంచా వీపు మీదుగా బత్తాయి రసం జారవిడిచిన నాకు, ఈ పొరల విద్యను మా జిల్లా ఆడవాళ్ళు ఎప్పుడో నేర్చుకున్నారని తెలిసి సిగ్గేసింది. తూర్పు ఆఫ్రికా దేశాల్లో కూడ ఈ పద్ధతిని వాడారు. తక్కిన ఊళ్ళ పేర్లు వంటకాలకో, చీరలకో అంటుకుంటే, మా ఊరి పేరు నీటి మందుకు అంటుకున్నది.

*

చివరకు నాయనమ్మకు ఏం జవాబు చెప్పాను?

"ఇవి కిష్ణ నీళ్ళే నాయనమ్మా, ఉదయ సముద్రం నుంచి వచ్చినయి" అన్నాను. నిజమే. కందూరు చోడుల ఉదయ సముద్రం ఇవాళ నాగార్జునసాగర్ జలాశయం నుంచి ఎత్తిపోసిన కృష్ణా జలాలకు నిలువనీటి చెరువు. అక్కడి నీరే శుద్ధి అయి ఊళ్ళకు చేరుతున్నది. 2015 జూన్‌లో మిషన్ భగీరథ పైలాన్ వెలసినది కూడ నల్లగొండ దారిలోని చౌటుప్పల్‌లోనే. ఎనిమిది వందల ఏళ్ళనాటి చెరువు, కొత్త పైపు కలిసి మా గ్లాసులో ఐదవ దినుసును నింపాయి. వంగిన వెన్నులు మాత్రం ఏ నీటితోనూ తిన్నబడవు. ఆ సంగతి మరిచిపోరాదు.

నాయనమ్మ అప్పుడు తాగింది. తాగి, "తీపెక్కువైంది, అడుగున గింత చింతపండు వెయ్" అంది. తరవాత తెలిసింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2002లో ప్రకటించిన అధ్యయనంలో, రోజూ చింతపండు తిన్న బాలుర మూత్రంలో ఫ్లోరైడు విసర్జన పెరిగిందట. అది మందు కాదు, మంచినీటికి బదులూ కాదు. కాని పులుపు మీద మా పల్లెల మక్కువను ఇక నేను తక్కువ చేసి మాట్లాడను.

మరునాడు దానిమ్మకు బదులు చింతపండు, బెల్లం పాకం అడుగున పోశాను. ఎరుపు పోయి నలుపు వచ్చింది. పిల్లలు రంగు బాగాలేదన్నారు. కాని గ్లాసులు మాత్రం ఖాళీ చేశారు.

మీరూ చేసుకోండి. పళ్ళు మీ ఇష్టం. నీళ్ళు ఎక్కడివో మాత్రం ఒకసారి అడగండి.