సురభివారి నాటకపు పందిరి

తెలుగునాట ఆధునిక నాటకచరిత్రను చెప్పువారు సామాన్యముగా మూడు పట్టణముల పేళ్లతో కథ నారంభింతురు. 1880లో రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు తమ విద్యార్థులచేత 'వ్యవహార ధర్మబోధిని'ని ఆడించిరి. బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు సరసవినోదినీ సభను నెలకొల్పి, తాము వ్రాసిన నాటకములలో తామే పాత్రలు ధరించిరి. విజయనగరమున 1892లో గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము' రంగమెక్కెను. ఈ మూడింటిని విడిచి మన నాటకచరిత్ర లేదు. అయినను ఈ పట్టణ సమాజముల కన్నిటికి ఒక పోలిక కలదు. నడపినవారు వకీళ్లు, ఉపాధ్యాయులు, ఉద్యోగులు, విద్యార్థులు. చూడవచ్చినవారిలోను అధికభాగ మట్టివారే. పగలు కచేరిలో కలిసికొన్నవారే రాత్రి నాటకశాలలో మరల కలిసికొనెడివారు. ఒకరినొకరు ఎరిగినవారిని మరికొంత దగ్గర చేయుటకూడ మంచిదే. కాని ఎరుగనివారిని ఒకచోటికి చేర్చుట వేరు పని.

ఆ పని చేసినవారి చరిత్రకు పట్టణముతో నిమిత్తము లేదు. అది కడప జిల్లాలోని సురభి యను పల్లెలో మొదలయినది. 1885లో అచ్చట ఒక పెండ్లివేడుకలో 'కీచకవధ' ఆడిరని చెప్పుదురు. ఆడినవారు వనారస గోవిందరావుగారును, వారి బంధుజనమును. వీరు వకీళ్లు కారు, పండితులు కారు. తోలుబొమ్మలాట వారి కులవృత్తి. ఇంటిలో వారి భాష తెలుగుకూడ కాదు, ఆరె మరాఠీ. మహారాష్ట్రమునుండి తరములకు ముందు దక్షిణమునకు వచ్చి, రాయలసీమ పల్లెలలో బొమ్మలాడించుచు బ్రతికిన కుటుంబములవి. తొలి ఆట ఆడిన ఊరి పేరే వారి సమాజమునకు నిలిచిపోయినది. తరువాత వనారసవారు, రేకందారువారు, సింధేవారు, ఆవేటివారు ఎవరికివారు వేరు సమాజములు కట్టుకొన్నను, అన్నిటికి ముందు 'సురభి' అనుమాట మాత్రము తప్పలేదు. ఊరిపేరు ఇంటిపేరగుట తెలుగువారి ఆచారము. ఈ ఒక్క విషయమున చూచినను వారు ఏనాడో తెలుగువారైరని మాకు తోచును.

బొమ్మలాటవారు నాటకమునకు వచ్చిరనుటలో ఒక విశేషము దాగియున్నది. దానిని గమనింపనిచో తరువాతి కథ అర్థము కాదు. తోలుబొమ్మలాట ఒక్కరి విద్య కాదు, ఇంటిల్లిపాది విద్య. తెల్లని తెరవెనుక దీపము వెలుగుచుండును. ఇంటి పెద్ద రాముని, రావణుని ఆడించుచు కాలిక్రింది చెక్కను టకటకలాడించును. సీతకు, ద్రౌపదికి మాటయు పాటయు ఇచ్చునది ఆయన భార్యయో కోడలో. కేతిగాడును, బంగారక్కయు వచ్చి నవ్వించు ఘట్టములో ఆ ఇంటివారి సరసమే ఆ బొమ్మల సరసము. పిల్లలు తరువాతి బొమ్మను వరుసగా అందించుచుందురు. ఆటకు బయట ఉన్నవాడు ఇంటిలో ఒక్కడును లేడు. గోవిందరావుగారి తరము చేసినదేమనగా, ఆ ఇంటిని తెరవెనుకనుండి తెరముందునకు తెచ్చుట. బొమ్మకు గొంతునిచ్చిన స్త్రీ, ఈసారి బొమ్మ లేకుండ తానే నిలువవలసి వచ్చినది. నిలిచినది.

ఇది ఎంత పెద్ద మార్పో నాటి పట్టణ రంగస్థలముతో పోల్చి చూచిన తెలియును. అచ్చట సావిత్రియైనను, సత్యభామయైనను మీసము గొరిగించుకొన్న పురుషుడే. ఆ విద్యలో స్థానం నరసింహారావుగారివంటి మహానటులు ఆరితేరిరి. వారి కళను తక్కువచేయు ఉద్దేశము మాకు లేదు. కాని స్త్రీపాత్రను స్త్రీయే ధరింపవలయునని బళ్లారి రాఘవగారంతటివారు పట్టుబట్టి వాదింపవలసి వచ్చిన కాలమది. సురభివారికి అది వాదము కాదు, వాడుక. అత్త కుంతి, కోడలు ద్రౌపది, ఆడపడుచు సుభద్ర. అవసరమైనచో ఆ ఆడపడుచే గడ్డము తగిలించుకొని మగవేషము కట్టును. సంస్కరణోద్యమము చేయజాలనిది కుటుంబ మొకటి ఎవరి అనుమతియు అడుగక చేసివేసినది.

దీని ఫలము ప్రేక్షకులలో కనబడినదని మా అభిప్రాయము. నాటకమునకు పోవుట పరువుతక్కువయని తలచిన ఇండ్లు ఆనాడు తక్కువ కావు. స్త్రీలను పంపుట మరింత సంశయము. రంగముమీద తల్లి, బిడ్డ, తాత ఒక్క ఇంటివారని ఎరిగినపిమ్మట ఆ సంశయమునకు బలము తగ్గినది. ఆడునది కుటుంబమైనచో, చూడవచ్చుటకు కుటుంబములు వెనుదీయవు.

సురభి సమాజము ఒక ఊరికి వచ్చినదనిన, ఒక చిన్న ఊరే తరలివచ్చినట్లు. బండ్లమీదనో రైలుమీదనో తెరలు, పెట్టెలు, కిరీటములు, హార్మోనియములు, వంటపాత్రలు, ఊయలలు దిగెడివి. ఖాళీ స్థలమున పందిరి వేసి, దాని వెనుకనే సంసారములు పెట్టుకొనెడివారు. జనము వచ్చినంతకాలము, ఒక్కొక్కచోట నెలలతరబడి, అచ్చటనే ఉండి పూటకొక నాటకము మార్చి ఆడుట వారి పద్ధతి. 'మాయాబజారు', 'శ్రీకృష్ణలీలలు', 'భక్తప్రహ్లాద', 'బాలనాగమ్మ', వీరబ్రహ్మముగారి చరిత్ర: ఇవన్నియు ఆబాలగోపాలమునకు తెలిసిన కథలే. కథ తెలియుటచేత వచ్చిన నష్టమేమియు లేదు. ఏమి జరుగునో అందరెరుగుదురు, ఎట్లు జరుగునో చూడవచ్చెదరు. నారదుడు మేఘములలోనుండి దిగును. రంగముమీద వాన కురియును. రెండు బాణములు ఎదురెదురుగా వచ్చి ఆకాశమున ఢీకొని నిప్పులు రాల్చును. ఘటోత్కచుని విందులో లడ్డూలు పళ్లెమునుండి తమంతట తామే లేచి పోవును.

ఈ మాయలకు యంత్రములు బహుస్వల్పము. తీగలు, కప్పీలు, త్రాళ్లు, చేతులు. ఆ చేతులు ఎవరివి? కొంచెముసేపటి క్రింద బలరాముడుగా పద్యము పాడి లోపలికి పోయినవాడు ఈసారి తీగ లాగుచుండును. రుక్మిణి వేషము విప్పినావిడ ప్రక్కతెర సరిచేయుచుండును. నిద్రపోయిన చంటిబిడ్డను ఒక ముసలమ్మ ఒడిలో పెట్టుకొని, ఎప్పుడే బల్లెము కావలయునో చూచి అందించుచుండును. జీతమునకు వచ్చినవారితో ఇంత కూర్పు సాధించుట కష్టము. ఒక్క తీగ ఒక్క క్షణము ఆలస్యమైనచో నారదుడు నేలకూలును. ఆ నారదుడు తీగ లాగువానికి తమ్ముడో మేనల్లుడో అగును.

మా రేడియోవారి మాట ఒకటి ఇచ్చట చెప్పుకొందుము. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమైనది మొదలు ఎన్నో నాటకములను ప్రసారము చేసినది. పందిరిలో పట్టజాలనంతమంది ఏకకాలమున ఒక నాటకమును వినగల అవకాశము రేడియోవలన కలిగినది. అది చిన్న సంగతి కాదు. కాని మా శ్రోత నవ్వినపుడు ప్రక్కవీధివారుకూడ నవ్విరో లేదో అతనికి తెలియదు. పందిరిలో ఆ కొరత లేదు. హరిశ్చంద్రుని కష్టమునకు తన ప్రక్కన కూర్చున్న అపరిచితుడు కన్ను తుడుచుకొనుట చూచినవానికి, మరునాడు సంతలో ఆ మనుష్యుడు పూర్తిగా అపరిచితుడు కాడు.

అట్లని పందిరిక్రిందకు చేరినంతమాత్రమున అందరును సమానులైరని మేము చెప్పము. ముందు కుర్చీలు, వెనుక బెంచీలు, ఆపైన నేల. టిక్కెట్టు ధరనుబట్టి ఆసనము. కుర్చీలో కూర్చుండువాడు ఎవడో, నేలమీద చతికిలబడువాడు ఎవడో ఊరికి ముందే తెలియును. కాని గుడిముందరి అరుగుమీద జరుగు ఆటకు, పెద్దల లోగిలిలో జరుగు ఆటకు ఎవరు దగ్గరకు రావచ్చును, ఎవరు దూరముగా నిలువవలయును అను లెక్క పుట్టుకనుబట్టి ఉండెడిది. పందిరి వాకిట అడుగునది పైకము మాత్రమే. తక్కువ పైకముతో వచ్చినవానికిని లోపల తనదనదగిన చోటు ఒకటి కలదు. పద్యము బాగున్నచో 'వన్స్ మోర్' అని కేకవేయు హక్కును కలదు. ఆ కేక నేలనుండి వచ్చినను నటుడు మన్నింపవలసినదే. పల్లె జీవితములో కూలివాని కోరికపై పెద్ద పని ఒకటి మరల జరుగు తావులు మరెన్ని కలవు?

తరువాత సినిమా వచ్చినది. వైపరీత్యమేమనగా, దానికి తలుపు తెరిచినవారిలో సురభివారే ఉన్నారు. హెచ్.ఎం. రెడ్డిగారు తీసిన తొలి తెలుగు టాకీ 'భక్తప్రహ్లాద' 1932 ఆరంభమున విడుదలయ్యెను. ఆ కథ పందిళ్లలో నలిగిన కథయే. అందు లీలావతిగా నటించినది సురభి కమలాబాయిగారు. ఆమె రంగస్థలముమీదనే పుట్టినదని ఆ కుటుంబములలో చెప్పుకొందురు. తమ నాటకమును, తమ నటులను తీసికొనిపోయిన చిత్రకళయే కొలది సంవత్సరములలో తమ ప్రేక్షకులనుకూడ తీసికొనిపోవునని ఆనాడు ఎవరూహింతురు? ఊరూర సినిమాహాలు లేచినకొలది పందిరి వేయుటకు స్థలమును, చూచుటకు జనమును సన్నగిలినవి. శాఖలు ఒకటొకటిగా మూతపడినవి.

అయినను కొందరు విడువలేదు. ఒడిశా సరిహద్దు చెంత జిమిడిపేటలో 1937లో రేకందారు చిన్న వెంకటరావుగారు స్థాపించిన శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి ఇందుకు నిదర్శనము. అప్పటికే టాకీ వచ్చి ఐదేండ్లు దాటినది! సాహసమనవలెనో, వేరు దారి లేకపోవుట అనవలెనో మేము నిర్ణయింపజాలము. రెండును కొంత కొంత నిజమై ఉండును. ఏలయన ఈ కథకు మరియొక ముఖము కలదు. ఊరివారందరిని ఒకచోట కూర్చుండబెట్టిన ఆ కుటుంబములకు తమదనదగిన ఊరు లేకపోయెను. పూటకొక పాత్ర కట్టు బిడ్డకు బడి ఎచ్చట? మకాము మారినప్పుడెల్ల బడియు మారవలయును, లేక మానవలయును. తమలో తాము వివాహమాడిరి, తమలో తాము విద్య నేర్పుకొనిరి. సమాజము చెదరకుండుటకు అదియొక కట్టు; అందు పుట్టిన పిల్లకు వేరొక బ్రదుకును కోరుకొను వీలు లేకుండ చేసినదియు ఆ కట్టే. సురభివారి ఐకమత్యమును పొగడువారు ఈ ఖర్చునుకూడ లెక్కలో వ్రాయవలయును.

ఇటీవలి తరములో ఆ తిరుగుడు చాలవరకు ఆగినది. హైదరాబాదు చెంత శేరిలింగంపల్లిలో సురభి కాలనీ ఏర్పడి, పలు కుటుంబములు స్థిరపడినవి. 1990 దశకములో కన్నడ నాటకదర్శకులు బి.వి. కారంతుగారు వచ్చి వారితో 'భీష్మ', 'చండీప్రియ', 'బస్తీదేవత యాదమ్మ' అను నాటకములను చేయించిరి. పురాణమాయలలో పండిన నటులు కొత్తరీతి నాటకములోను నిలువగలరని అందువలన తేలినది. వెంకటేశ్వర నాట్యమండలి పెద్దలు, బాబ్జీగా పేరుపడిన రేకందారు నాగేశ్వరరావుగారికి 2013లో పద్మశ్రీ లభించెను. పిల్లలు బడికి పోవుచున్నారు, కాలేజీకి పోవుచున్నారు. కొందరు వేరు ఉద్యోగములలో కుదిరి, ఆట ఉన్న రాత్రి మాత్రము వచ్చి వేషము కట్టుదురు. కట్టుమన్న నిర్బంధము మునుపటివలె లేదు. వచ్చువారు కోరి వచ్చుచున్నారు.

'శ్రీకృష్ణలీలలు' ఆడునాడు బాలకృష్ణునిగా రంగమెక్కునది నేటికిని ఆ ఇంటి పసివాడే. అతనిని ముస్తాబు చేయుచు తల్లి చెప్పు బుజ్జగింపులు ఆరె మరాఠీలో ఉండును. తెర లేచినపిమ్మట అతడు పలుకునది తెలుగు.